సూపర్‌హీరోలా దూకిన బావగారు

ఆదివారం

రేపు ఉదయం బావగారు పటమటలోని నా ఎముకల క్లినిక్‌కు వస్తారు. ఆయన చేయి పట్టుకునే ముందే నా కోపాన్ని కాగితం మీద పెట్టాలి కనుక ఇప్పుడే రాస్తున్నాను.

మధ్యాహ్నం భవానీపురంలో అక్క వాళ్లింట్లో భోజనాలయ్యాక ఒక సూపర్‌హీరో సినిమా మీద వాదన వచ్చింది. కామిక్ పుస్తకంలో ఆ హీరోకి ఎముకలు విరుగుతాయని, సినిమాలో మేడ మీద నుంచి ఒంటి మోకాలిపై దూకినా గీత కూడా పడదని అన్నాను. మనిషిని మరీ ఇనుముగా మార్చేశారన్నాను.

"మరదలా, వాడికీ సిమెంటు కట్టు వేసేస్తావా ఏం?" అన్నారు బావగారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బావా మరదళ్ల వేళాకోళానికి అలగకూడదు. కానీ ఆయన ఆగలేదు. "మా అమ్మ తుంటికి ఆపరేషన్ చేశావుగా, ఇప్పటికీ కుంటుతూనే ఉంది. నువ్వా ఎముకల గట్టితనం చెప్పేది?"

ఆ వెంటనే, హీరో ఎలా దిగుతాడో చూపిస్తానంటూ వరండా మెట్ల మీద నుంచి దూకి మణికట్టు మీద పడ్డారు. "ఏం కాలేదులే!" అంటూ నన్ను చూడనివ్వలేదు. సాయంత్రానికి వాచిపోయిందని అక్క ఫోన్ చేసింది. కదలకుండా కట్టి ఉంచి, రేపు ఉదయం క్లినిక్‌కు తీసుకురమ్మన్నాను. నిజం చెప్పాలంటే, సంతోషించాను...

ఎముక విరిగి ఉంటే, సరిచేసే ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తాను. నొప్పితో పగ తీర్చుకోను. కానీ కట్టు ఆరేదాకా ఆయన కదలలేరు. అప్పుడు అక్క ముందే అడుగుతాను: "బావగారూ, హీరోకి ఏం కాలేదా అండీ?" తర్వాత వాళ్ల అమ్మగారి ఎక్స్‌రేలు చూపిస్తాను. ఎముక ఎంత చక్కగా అతుక్కుందో, ఆపరేషన్ తర్వాత ఆవిడను వ్యాయామానికి తీసుకురావడం మానేసింది ఎవరో ఆయన చేతే చెప్పిస్తాను.

వాళ్ల అమ్మగారి ఆపరేషన్ గురించి అన్న ఆ మాట వేళాకోళంలో నోరు జారిందో, ఇన్నేళ్లుగా మనసులోనే ఉందో మాత్రం నాకు తెలియదు.