పాడు అన్నందుకు పడగొట్టిన మరుగుదొడ్డి

నాందేడ్, బస్తీ పరివర్తన పథకం అధికారి గారి సముఖమునకు,
పాత గోదాముల గల్లీలో ఇస్త్రీ దుకాణం నడుపుకునే అనంతరాములు సమర్పించుకునే అర్జీ.

అయ్యా,

విషయం: మా గల్లీ ఆడవారి మరుగుదొడ్డిని వారే కూల్చమన్నారని కూల్చివేసిన సంగతి; వారు అలా అనలేదని మనవి.

మరాఠీలో రాయగలను. కానీ ఒక్క మాట భాష మారి మా కొంప మునిగింది. తమకు తెలుగు వచ్చునని విని, తెలుగులోనే రాసుకుంటున్నాను.

1. తమ పథకం వారు మా గల్లీలో సభ పెట్టి, మార్పుకు మార్గదర్శక సూత్రాలని ఒక బోర్డు కట్టారు. మొదటిది, ఎవరి భాషలో వారు మాట్లాడవలెను. రెండవది, ప్రజల మాటను ఉన్నదున్నట్టు రాయవలెను. మూడవది, ప్రజల నిర్ణయాన్ని పైవారు మార్చరాదు. మేము చప్పట్లు కొట్టాము.

2. నా భార్య సూర్యకుమారి మరాఠీలో బేరమాడితే కూరగాయలవాళ్లే దండం పెడతారు. అయినా సూత్రం ప్రకారం తెలుగులోనే చెప్పమన్నారు. "లెట్రిన్ తలుపు పాడు, నల్లా పాడు, అంత పాడు. జెర మంచిగ చేయిండ్రి సారూ" అన్నది. చుట్టూ ఉన్న ఆడవారు "పాడు, పాడు" అని వంత పాడారు. పథకం తరఫున రాసుకునే దిగంబర్ గారికి తెలుగు రాదు. మరాఠీలో 'పాడూ' అంటే 'కూలుద్దాం'. ఆయన అదే రాసుకొని, ఏకగ్రీవమని కింద గీత గీశారు.

3. పిదప బుల్డోజర్ వచ్చింది. ఇన్నేళ్లు అర్జీలు పెట్టినా కదలని సర్కారు, అడగని పనికి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. సూర్యకుమారి అడ్డం పోతే దిగంబర్ గారు, "బాయీ, తుమ్హీచ్ మ్హణాలాత్ నా!" అన్నారు. మీరే అన్నారు కదమ్మా అని.

4. మళ్లీ కట్టమని కచేరీకి పోతే మూడవ సూత్రం చూపించారు. నిర్ణయం మార్చాలంటే మళ్లీ సభ జరగాలట, ఆడవారు సగానికి పైగా చివరిదాకా కూర్చోవాలట. పొద్దున మొదలైన సభ సాయంత్రం దాకా సాగింది. మరుగుదొడ్డి లేనిచోట అంతసేపు ఎట్లా కూర్చుంటారు? ఒక్కొక్కరే లేచి పోయారు. సభ చెల్లదన్నారు. ఇదేమి న్యాయం అయ్యా?

5. చీకటి పడితే గాని ఆడవారు రైలు పట్టాల వైపు పోలేరు. అందుకని నా భార్య పగలు నీళ్లు తాగడం మానేసింది. బతిమాలాను, కోప్పడ్డాను. "తాగితే యాడికి పోవాలె? నువ్వే చెప్పు" అన్నది. చివరికి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నాకు భయంగా ఉన్నది. ఈ మాట అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు.

సూత్రాలు మంచివే, కాదనము. రాసుకున్నది చెప్పినవారికి చదివి వినిపించవలెనని ఇంకొకటి చేర్చగలరు. అంతకుముందు నాలుగు గోడలు, ఒక తలుపు ఇప్పించ ప్రార్థన. సూత్రాలను కాసేపు పక్కనపెట్టి, మా ఆడవారి గోస చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అనంతరాములు

తా.క.: డాక్టరు రేపు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాట చెప్పగానే సూర్యకుమారి నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. "ఇంకో రెండ్రోజులు ఉండనియ్యి. ఈడ మంచిగ నీళ్లు తాగుతున్న" అన్నది. సారూ, నేనేం జెయ్యాలె? యాడికి తోల్కపోవాలె?