ఎడమ రెక్క లేని పండుగప్ప

యానాం, నవంబరు 1986, బుధవారం

ఉదయం ప్రార్థన ముగించి కత్తిపీట ముందు కూర్చున్నాను. తమ్ముడు అబ్బులు తెచ్చిన పండుగప్ప చేపకు ఎప్పటిలాగే ముందు రెక్కలు కోయబోయాను. పొట్ట కింద ఎడమ రెక్క లేదు! నిరుడు మత్స్యశాఖవాళ్ళు ఏరు సముద్రంలో కలిసే మొగలో వదిలిన పండుగప్ప పిల్లలకు గుర్తుగా కత్తిరించిన రెక్క అదే. అవి బతకాలని అబ్బులు ఏడాదిగా అక్కడ సన్నకన్ను వల వేయలేదు. పిచ్చోడని వీధంతా నవ్వింది.

"ఒరేయ్ అబ్బులూ, నీ పిల్ల పెద్దదై వచ్చిందిరా!" అని కేకేశాను.

"ఇదొక్కటేనా పెద్దక్కా? ఇన్నాళ్ళూ ఎన్నింటి రెక్కలు కోసి పిల్లికి పడేశావో!"

నిజమే. చూడకుండానే కోశాను. ప్రభువా, ఎన్నో...

సాయంత్రం వీధివాళ్ళం అందరం కూర్చుని అనుకున్నాం. ఆ సన్నకన్ను వల ఇంకో ఏడాది అటక మీదే ఉంటుంది. మా వీధిలో ఏ పండుగప్పనైనా ఎడమ రెక్క ఉందో లేదో నేను చూశాకే కోస్తారు.