మోతికి కార్జం పంపొద్దు

గోదావరిఖని

బాపూ,

ఇక్కడ అక్కా నేనూ బాగానే ఉన్నాం, మోతికే బాగాలేదు. ఫోన్లో చెబితే సగం వినకుండానే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

కుక్కపిల్ల బక్కచిక్కిందని నువ్వు బావతో పంపిన మేక కార్జం ఆదివారం అక్క ఉడికించి పెట్టింది. తిన్న రెండు గంటల్లోనే మోతి గోడకు తల ఆనించి నిలబడిపోయింది, పిలిచినా చూడలేదు. పశువుల దవాఖానలో డాక్టర్ తిండికి ముందూ తర్వాతా రక్తం తీసి పరీక్ష చేయించాడు.

"పుట్టుకతోనే దీని కార్జం సక్కగ లేదమ్మా. రక్తం అండ్ల శుభ్రం గాకుండ పక్కదారిల పోతున్నది. మాంసం తింటే ఆ విషం నెత్తికెక్కుతది."

"బలమని మా బాపు పంపిండు సార్," అంది అక్క.

"గా బలమే దాన్ని సంపుతది. బంజెయ్యుండ్రి."

నెలాఖరుకు హైదరాబాద్‌లో ఆపరేషన్. అందాకా దాన్ని బతికించుకోవాలి. పెరుగన్నం పెట్టి, మూడు పూటలా తీపి మందు తాగిస్తున్నాను. ఆ మందుకు విరేచనాలు, ఇల్లు కడిగి కడిగి నడుము పడిపోయింది.

అవ్వ కళ్ళద్దాలు మార్పించావా? బీరువాలో నా డిగ్రీ మెమోలున్నాయి, తీసుకురా.

నీ తప్పని కాదు బాపూ, ఆ కార్జం తినకపోతే రోగం బయటపడేదే కాదు. వచ్చేటప్పుడు దానికేమీ తేకు. నీ జేబులు వాసన చూస్తూ వెంట తిరుగుతుంది. మనసు గట్టి చేసుకో.

అవ్వకు దండాలు.

నీ బిడ్డ
నవత