ఆటలో శాలువాలు

శనివారం, మొయినాబాద్

ఇంటర్నెట్ ఆటలో మేం కట్టుకున్న ఊళ్లో నడిపే ఇంటర్వ్యూ షోకి అతిథి దొరకడమే గొప్ప. ఆ ఆటలో చేవెళ్ల దాకా మెట్రో రైలు వేసినావిడ ఇవాళ అరగంటే ఉంటానంది. యాంకర్ మా రమేశన్న, బయట వార్డు మెంబరు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! చూడ్డానికొచ్చిన వాళ్లనల్లా పేరుపేరునా వేదిక మీదికి పిలిచాడు. టైమైపోతోందని నేనంటే వినలేదు.

"జర ఆగు తమ్మీ, పెద్దమనుషులను పిలువకుంటె మంచిగుండదు."

ఆ ఆటలో శాలువాలు లేవు. పిలిచిన ఒక్కొక్కరికీ నేను తివాచీలు కప్పాను. పదమూడో తివాచీ దగ్గర ఆవిడ వెళ్లిపోయింది. మెట్రో గురించి ఒక్క ముక్కా రాలేదు.

ఇక షో మానేద్దామని గదిలోంచి బయటికొచ్చాను. ఇన్నాళ్లూ పిల్లలాట అని తిట్టిన మా బాపు, ఫోన్‌లో షో అంతా చూసి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"అందరిని పిలిచిండ్రు. నా పేరెందుకు పిలువలే?"