వలయం లేదు

ప్రియమైన నీకు,

ఇక్కడ నేనూ మీ నాన్నగారూ బాగానే ఉన్నాం. బాగానే అంటే తింటున్నాం, పనికి వెళ్తున్నాం. నువ్వక్కడ వేళకి తింటున్నావనే అనుకుంటాను.

వంటింటి కుళాయి గురించి అడిగావు, బాగుచేయించాను. వంట నాది, వంకలు మావయ్యవి. ఆయన నీ ఫోనెందుకు ఎత్తడం లేదో మాత్రం కాస్త ఆగి చెప్తాను. ముందు ఓపిక కూడదీసుకోనీ.

టెలిస్కోపుకి బిగించడానికి నేనూ మావయ్యా తయారుచేసిన కెమెరా సంగతి నీకు తెలుసుగా. మధ్య పరారుణ కాంతి కంటికి కనపడదు గానీ, కాస్త వెచ్చగా ఉన్న ప్రతిదాన్నుంచీ వస్తూనే ఉంటుంది. గోడ, అద్దం, మన చెయ్యి, అన్నీ వెలుగుతూనే ఉంటాయి. అందుకే కెమెరాని విపరీతమైన చలిలో బిగించి ఉంచుతాం, దాని వేడి దానికే అడ్డం రాకుండా. అప్పుడే నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి కనిపిస్తుంది. గ్రహాలు పుట్టేది అందులోంచే. అలాంటి ధూళి వలయం ఒకటి దొరికిందని మావయ్య ఎంత పొంగిపోయారో నీకే రాశారు. రిటైరయ్యేలోగా ఒక్కటైనా చూడాలని ఆయన ఆశ. అందరికీ చెప్పడానికి సభ కూడా ఏర్పాటు చేయించారు.

వలయం లేదు. ఆ మాట చెప్పింది నేనే.

ఎందుకో అనుమానం తీరక, టెలిస్కోపుని ఏమీ లేని వైపు తిప్పి చూశాను. అక్కడా అదే వలయం. కెమెరా లోపల ఏదో తీగ వేడెక్కుతోంది. మేం దాన్నే ఆకాశం అనుకున్నాం.

కొన్నాళ్ళు మళ్ళీ మళ్ళీ సరిచూశాను. చివరికి భోజనం దగ్గర చెప్పేశాను. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఖాయమేనా?"

"ఖాయమే మావయ్యా."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు.

నిన్న ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని సభకి బయల్దేరితే, అక్కడ ఏం చెబుతారో తెలియకుండానే నేను కారు తీశాను. సభలో ఆయన లేచి నిలబడి, "వలయం చూపిస్తానని పిలిచాను. అది మా కెమెరా వేడే. నా కంటికి ఆనలేదు. మా అల్లుడు పట్టుకున్నాడు," అని కూర్చున్నారు.

తిరిగొస్తుంటే కారులో అన్నారు, "అమ్మాయికి నువ్వే రాయి. నేను చెబితే నామీద జాలితో నిన్ను తిడుతుంది."

ఇక నావల్ల కాలేదు. కారు పక్కకి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన దిగి, ఇటు వచ్చి తలుపు తీశారు.

"జరుగు. నేను నడుపుతాను."

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న
నీ మొగుడు