మెరుపు గుర్తున్న పోర్టు

మంగళవారం, ప్రొద్దుటూరు

ఇంటి నుంచే ఆఫీసు పని కదా, ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయని పెద్ద మానిటర్ కొన్నాను. సాయంత్రం టైప్-సి పోర్టులో కేబుల్ పెడితే తెర నల్లగానే ఉండిపోయింది. మా ఆయన వంగి చూశాడు.

"అది చార్జింగుకే పనికొస్తాది. పక్కన మెరుపు గుర్తుండేదాంట్లో పెట్టు, తెరకు అదే. ఇంత తెల్లగా ఉంటే నీకు కనపడల్యా?"

"చూసుకోలేదులే," అన్నాను. నిజానికి చూశాను. కనపడలేదు.

కేబుల్ మార్చగానే తెర వెలిగింది. అక్షరాలు బాగా పెద్దవి చేసి, ఆయన చూడకుండా కుడి కన్ను మూసుకున్నాను. ప్రతి వరుసా మధ్యలో చెరిపేసినట్టుంది.

"ఇప్పుడు బాగుండాదా?"

"శానా బాగుండాది."

ఆయన సంతోషంగా అట్టపెట్టె సర్దుతుంటే అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేశాను. అమ్మకూ చూపు పోవడం ఎడమ కంటితోనే మొదలైంది.