ఆవిరి గదిలో ముద్దాయి

కోక్-బెల్ నుంచి

చిరంజీవి ఐజారిక్‌ని తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా గుర్రం తప్ప.

చూలుతో ఉన్న మన బూడిదరంగు ఆడగుర్రం మంచుతుఫానులో కట్టు తెంపుకుపోయింది. తెల్లారి తలుపు తీస్తే గుమ్మం ముందు ముక్కూమొహం తెలియని కుర్రాడు. చేతిలో పగ్గం, పగ్గం చివర బూడిదరంగు గుర్రం. పక్కింటి తోరోకుల్ "దొంగ దొరికాడు!" అని కేక పెట్టాడు. ఊరంతా కర్రలూ పారలూ పట్టుకుని దిగింది. గుర్రాల దొంగని మనవాళ్ళు ఏం చేస్తారో నీకు చెప్పక్కర్లేదు. పెద్దల పంచాయితీకి నేనే పెద్దని కాబట్టి, "ఆగండ్రా, ముందు విచారణ" అని వాణ్ణి మన ఆవిరి స్నానాల గదిలో పెట్టించాను.

కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. అది తెరుచుకోగానే పోలీసు కెప్టెన్ దిగుతాడు. ఆయన చేతిలో పడ్డవాడు ఒక్క పూటలో చేసినవీ చేయనివీ అన్నీ ఒప్పుకుంటాడని పేరు. ఆలోపు మనమే నిజం తేల్చాలి.

చిక్కేమిటంటే వాడు నోరు విప్పడు. "ఏ ఊరు నాయనా?" అంటే పలకడు. పోనీ నీ ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పమన్నాను. తండ్రి, తాత, ముత్తాత, అలా ఏడు తరాలు అప్పజెప్పలేనివాడు కిర్గిజ్ బిడ్డే కాదు కదా! దానికీ పలకడు. నేను నిద్రలో లేపినా చెబుతాను. మొదటి పేరు దగ్గర కాస్త దగ్గు వస్తుందనుకో, అది వేరే సంగతి.

నువ్వు న్యాయశాస్త్రం చదువుతున్నావుగా. మనిషిని మాట్లాడించే సెక్షనేదైనా ఉంటే రాయి. ఫోన్ల టవర్ మంచు బరువుకి వంగిపోయింది. టపా మోసే సమక్ ఒక్కడే గుర్రం మీద కనుమ దాటుతున్నాడు, ఉత్తరం వాడే తెస్తాడు.

ఇట్లు,
కాసిమాలి

తా.క.: మన కుక్కలు మొరగడం లేదు. ఆవిరి గదికి ఎదురుగా వరసగా కూర్చుని తలుపు వైపే చూస్తున్నాయి. ఎముక వేసినా తల తిప్పవు.

---

బిష్కెక్, హాస్టలు నుంచి

ప్రియమైన తాతయ్యకి ఐజారిక్ సలాములు.

మీ ఉత్తరం అందేసరికి మా క్లాసులో సరిగ్గా ఆ పాఠమే నడుస్తోంది. నేరం రుజువయ్యేదాకా ప్రతి మనిషీ నిర్దోషే. "నిర్దోషిత్వం"! ఎంత అందమైన మాట తాతయ్యా! పొద్దున్నుంచీ ఎండు ఆప్రికాట్ ముక్కలా నోట్లో ఊరుతూనే ఉంది.

మనిషిని మాట్లాడించే సెక్షన్ లేదు. మాట్లాడకుండా ఉండే హక్కు మాత్రం ఉంది. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మీకు మొదటి పేరు దగ్గర దగ్గొస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. ఎందుకని నాన్న ఎప్పుడైనా అడిగాడా? నేనడిగానా? ఆ హక్కంటే అదే.

రాజ్యాంగం పుస్తకం పంపుతున్నాను. అతని హక్కులు అతనికి చదివి వినిపించండి. అతని తరఫున మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టండి. రెండు రోజుల్లోగా జడ్జి ముందు నిలబెట్టాలి. తిండి సరిగా పెట్టండి. చేతులు కట్టేసి ఉంటే వెంటనే విప్పండి.

మీ మనవరాలు,
ఐజారిక్

తా.క.: అసలు దొంగతనం కేసులు విచారించే అధికారం మీ పంచాయితీకి లేదు. ఈ సంగతి తోరోకుల్ మామకి మెల్లగా చెప్పండి, చేతిలో పార లేనప్పుడు.

---

కోక్-బెల్ నుంచి

చిరంజీవి ఐజారిక్‌కి తాతయ్య దీవెనలు.

రెండు రోజుల సంగతి మంచుకి చెప్పాను, వినలేదు. మిగతావన్నీ నువ్వు రాసినట్టే చేశాను.

ముద్దాయి తరఫున బురుల్ వదినని పెట్టాను. ఆవిడతో నోటి యుద్ధంలో గెలిచినవాడు ఈ లోయలో ఇంకా పుట్టలేదు. "పగ్గం చేతిలో ఉండగా పట్టుకున్నాం, వీణ్ణి నిర్దోషి అనుకోవాలా? ఎంతసేపు?" అని తోరోకుల్ ఎగిరాడు. "నీ పెళ్ళి విందులో ఉడికిన గొర్రె ఎవరి మందలోదో తేలేదాకా!" అంది. వాడు పార గోడకి ఆనించి ఇంటికెళ్ళిపోయాడు.

తిండి పెడుతూనే ఉన్నాం. పొగలు కక్కే మాంసం చారు అతని ముందు పెడితే, చెయ్యి తీసేలోపే పైన మంచుపొర కడుతోంది. పొయ్యి ఎర్రగా మండుతోంది, గోడల మీద మాత్రం మంచు పూలు పూస్తున్నాయి. వచ్చినప్పుడు టోపీ మీద ఉన్న మంచు ఇప్పటికీ అలాగే ఉంది. చేతులంటావా, మేం కట్టలేదు. తనే వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. "చేతులు వదిలెయ్ నాయనా" అంటే, ఆ మాట నా చేత ఎవరు అనిపించారా అన్నట్టు నా వెనక వెతుకుతాడు.

నీ పుస్తకం చదివి వినిపించాను. "చట్టప్రకారం తప్ప ఎవరినీ నిర్బంధించరాదు" అన్నచోట మొదటిసారి తల ఎత్తాడు.

"మళ్ళీ చదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను.

"ఇది ఎప్పుడు రాశారు?"

చెప్పాను. "కాస్త ముందు రాయాల్సింది" అన్నాడు.

ఇట్లు,
కాసిమాలి

తా.క.: ఆ గదిలో మేం మాట్లాడితే నోటి వెంట తెల్లగా ఆవిరి వస్తుంది. అతను మాట్లాడినప్పుడు రాలేదు. ఇది ముద్దాయికి అనుకూలమైన అంశమా, వ్యతిరేకమా అని బురుల్ వదిన అడగమంది.

---

బిష్కెక్ నుంచి

తాతయ్యకి సలాములు, ఈసారి కోపంతో.

మంచు పూసిన గదిలో మనిషిని ఉంచుతారా? గడ్డకట్టిన చారు పెడతారా? మనిషి పట్ల క్రూరంగా ప్రవర్తించకూడదని ఆ పుస్తకంలోనే ఉంది, ఆ పేజీ తిప్పేశారా? నోట్లోంచి ఆవిరి రావడం లేదంటే ఒంట్లో వేడి అంతగా పడిపోయిందన్నమాట! వెంటనే దుప్పట్లు కప్పండి, వెచ్చటి కోటు తొడగండి. మా ప్రొఫెసర్ గారికి మీ పేరు చెప్పకుండా ఉత్తరం వినిపించాను. "ముందు ఆ పెద్దమనిషిని అరెస్టు చేయాలి" అన్నారు. నా చెవులు కాలిపోయాయి.

తాతయ్యా, మీరు మంచివారని నాకు తెలుసు. కానీ మంచివాళ్ళ ఇంట్లో తాళం పెట్టినా అది నిర్బంధమే.

మీ మనవరాలు,
ఐజారిక్

తా.క.: చేతులు వెనక్కి పెట్టుకోవడం ఖైదీలకి అలవాటు చేయిస్తారట. ఇతను ఇంతకుముందు ఏ జైల్లో ఉన్నాడో! అడగకండి, అడిగే హక్కు మీకు లేదు.

---

కోక్-బెల్ నుంచి

చిరంజీవి ఐజారిక్‌కి తాతయ్య దీవెనలు.

దుప్పట్లు కప్పాను. నా గొర్రెతోలు కోటు తొడుగుదామని అతని పాత కోటు విప్పబోతే విప్పనివ్వలేదు. వెనక నుంచి చూశాను. వీపు మీద వేలు పట్టేంత చిల్లు, చుట్టూ మాడి ఉంది. దానికి సూటిగా ముందు వైపు ఇంకొకటి.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"ఇప్పుడు లేదు" అన్నాడు.

ఇంకో సంగతి. మన గుర్రం ఇంటికొచ్చింది, దానంతట అదే! ఇన్నాళ్ళూ తోరోకుల్ గడ్డివాము వెనక పడి మేస్తూ ఉందట. "దొంగ దొరికాడు" అని అరిచినవాడి గడ్డే అది. బురుల్ వదిన వాడింటి ముందు నుంచి రోజుకి నాలుగుసార్లు ఊరికే నడుస్తోంది, నవ్వుకుంటూ.

ఒళ్ళంతా మంచు కప్పి ఉంటే మనదే అనుకున్నాం, మరి ఈ రెండో గుర్రం ఎవరిది? తొడ మీద ముద్ర వెతికి చూశాను. ఆ ముద్ర వేసే ఇనుము నా చిన్నప్పుడు సోవియట్ల కాలపు సమష్టి వ్యవసాయ క్షేత్రం లాయంలో వేలాడేది. ఎప్పుడో కరిగించి మేకులు చేశారు. ఆ ముద్రతో బతికున్న గుర్రం ఈ భూమ్మీద ఉండటానికి వీల్లేదు. అది మాత్రం నా చేతిలోంచి దాణా తింటోంది. మూతి మంచుగడ్డలా ఉంది.

నా గుర్రం దొరికాక ఇంక నేరమేముంది? తలుపు బార్లా తీసి, "తప్పయింది నాయనా, వెళ్ళు" అన్నాను. వీధి గుమ్మం దాకా నాతో వచ్చి ఆగిపోయాడు.

"తీర్పు చెప్పలేదుగా" అన్నాడు. "ఆరోజు కూడా అంతే. తీర్పు లేకుండానే తీసుకెళ్ళారు."

ఏరోజు అని నేనడగలేదు. నువ్వు అడగొద్దన్నావుగా. ఇప్పుడేం చెయ్యాలి? సమక్ చెప్పడం, కనుమలో మంచు తవ్వుతున్నారట. కెప్టెన్ వస్తే వట్టి చేతులతో వెళ్ళే మనిషి కాదు.

ఇట్లు,
కాసిమాలి

తా.క.: వీధి గుమ్మం దాకా ఇద్దరం పక్కపక్కనే మంచులో నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే అడుగులు నావి మాత్రమే ఉన్నాయి.

---

బిష్కెక్ నుంచి

ప్రియమైన తాతయ్యకి ఐజారిక్ సలాములు.

ఈ ఉత్తరం ప్రొఫెసర్ గారికి చూపించలేదు. చూపిస్తే నన్ను సెలవు మీద ఇంటికి పంపిస్తారు. కోపంగా రాసినందుకు క్షమించండి. మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్ళీ చదివాను.

చట్టంలో ఒక మాట ఉంది, అదే రాస్తున్నాను. ముద్దాయి బతికి లేకపోతే కేసు మూసేస్తారు. కానీ అతని పేరు మీది మచ్చ తుడవాలని అయినవాళ్ళెవరైనా అడిగితే, అతను లేకపోయినా విచారణ జరపాల్సిందే. అతనికి అయినవాళ్ళెవరైనా ఉన్నారా తాతయ్యా?

తీర్పే కావాలంటే పద్ధతి ఇది. పట్టపగలు, అందరి ముందు కూర్చోండి. నేరమేమిటో చదవాలి. అతని తరఫు మాట వినాలి. అనుమానం ఉంటే అది ముద్దాయికే లాభం. అన్నిటికన్నా చివర ముద్దాయికి "ఆఖరి మాట" ఉంటుంది. ఆ మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, జడ్జి కూడా.

మీ మనవరాలు,
ఐజారిక్

తా.క.: జడ్జి ముద్దాయికి బంధువైతే ఆ తీర్పు చెల్లదు, తప్పుకోవాలి. ఊరూ పేరూ తెలియని మనిషి కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు.

---

కోక్-బెల్ నుంచి

చిరంజీవి ఐజారిక్‌ని తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మధ్యాహ్నం ఎండలో, మన వాకిట్లో, ఊరందరి ముందు కూర్చున్నాం. కుక్కలు కూడా వచ్చి కూర్చున్నాయి.

నేరమేమిటో చదవడానికి మా దగ్గరేం లేదు. "నీ మీద ఏం మోపారు నాయనా?" అని అతన్నే అడిగాను.

"సమష్టి క్షేత్రం గుర్రాన్ని దొంగిలించానన్నారు. అది మంచులో తప్పిపోయింది. వెతికి తెస్తాను, వదలండి అన్నాను. వినలేదు."

బురుల్ వదిన లేచింది. "వెతికి తెస్తానన్నాడు. తెచ్చాడు. కాస్త ఆలస్యమైంది. మీలో అడిగి పట్టుకెళ్ళిన పార చెప్పిన రోజుకి తెచ్చిచ్చినవాడు ఎవడైనా ఉంటే లేచి మాట్లాడండి!" ఎవరూ లేవలేదు. తోరోకుల్ టోపీ తీసి, "వీణ్ణి దొంగ అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి, చలికో మరి దేనికో.

"ఆఖరి మాట నీది" అన్నాను. అతను చేతులు ముందుకి తెచ్చుకున్నాడు. వచ్చినప్పటి నుంచీ అదే మొదటిసారి.

"నా తండ్రి కోకుంబాయ్. ఆయన తండ్రి సాత్కిన్. ఆయన తండ్రి ఒర్మోన్..."

అతను చెబుతూ ఉన్నాడు. నా పెదాలు వాటంతట అవే కదులుతున్నాయి తల్లీ. నా వరసే అది. నా రెండో పేరు దగ్గర మొదలైంది. నా వరసలోని మొదటి పేరే దాంట్లో లేదు. చెబుతున్నది ఆ పేరు గల మనిషే.

నేను అమ్మ కడుపులో ఉండగా మా నాన్నని తీసుకెళ్ళారు. ఎందుకని అడిగితే అమ్మ "గుర్రం" అని ఒక్క మాటే అనేది. "దొంగ కొడుకా" అని బళ్ళో పిలిచేవాళ్ళు. ఏడుగురి పేర్లు అప్పజెప్పమన్నప్పుడల్లా మొదటి పేరుని దగ్గులో దాచడం నేర్చుకున్నాను. దాచీ దాచీ నా గొంతే దాన్ని మరిచిపోయింది.

లేచి నిలబడ్డాను. "కోకుంబాయ్ కొడుకు బాయాలి నిర్దోషి" అన్నాను. దగ్గు రాలేదు.

ఆయన నా వైపు చూశాడు. ముప్ఫై నిండని మొహం. "నా పేరు నేను చెప్పలేదే. నువ్వెవరి కొడుకువి?"

నా ఏడుగురి పేర్లూ చెప్పాను. మొదటిది కొండకి వినపడేలా చెప్పాను. ఆయన దగ్గరికొచ్చి నా తెల్లగడ్డం చాలాసేపు చూశాడు. "బాగా పెద్దవాడివయ్యావు" అన్నాడు. ఆయన టోపీ మీద మంచు కరిగి బుగ్గల మీదికి కారింది.

తర్వాత గుర్రాన్ని తీసుకుని కనుమ వైపు వెళ్ళాడు. వెళుతుంటే మంచులో అడుగులు పడ్డాయి, మనిషివీ గుర్రానివీ. అప్పుడు మొరిగాయి కుక్కలు.

కెప్టెన్ మర్నాడొచ్చాడు. "ముద్దాయేడీ?" అన్నాడు. "తీర్పయిపోయింది, విడుదల చేశాం" అన్నాను. ఎదురుగా ఎవరూ దారిలో కలవలేదే అని అటే చూస్తూ ఉండిపోయాడు.

ఇట్లు,
బాయాలి కొడుకు కాసిమాలి

తా.క.: జడ్జి బంధువైతే తీర్పు చెల్లదన్నావు. నాకు తెలిసేసరికి ముద్దాయి ఆఖరి మాటలో ఉన్నాడు, మధ్యలో అడ్డు రాకూడదని నువ్వే రాశావు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోమను. మా నాన్న మళ్ళీ వస్తాడు.